కొత్త బండి చప్పుడు

కొత్త మోటారుసైకిలు షోరూము గేటు దాటి రోడ్డెక్కిన రోజు దాన్ని నడిపింది ఆయమ్మ. వెనక కూర్చుని ఆమెను నడిపించింది ఆమె భర్త.

ఆయన్ని ఇప్పటికీ అందరూ డ్రైవరనే పిలుస్తారు. బస్సు దిగి మాత్రం చాలాకాలమైంది. కంటి నరాలు ఎండిపోతున్నాయని డాక్టర్లు చెప్పారు. మొదట పక్కచూపు పోయింది. "ఇక నీకే దిగులూ లేదు, పక్కచూపులు మానేశాను" అని అప్పట్లో భార్యతో హాస్యమాడేవాడు. ఎదుటిచూపు కూడా పోయాక హాస్యాలు మానేశాడు. ఇప్పుడు ఆయనకు తెలిసేది వెలుతురు ఎటునుంచి వస్తోందన్నది మాత్రమే.

"క్లచ్ మెల్లగా వదులు. మెల్లగా అన్నాను, వదిలెయ్యమనలేదు."

"నేను వదల్లేదండీ, అదే జారింది."

"అది జారదు, నీ వేళ్ళు జారాయి. ఊఁ, ఇప్పుడు రెండో గేరు వెయ్యి. ఎలా ఏడుస్తోందో వినపడ్డం లేదా?"

వెనకాలే పాత మోపెడ్ మీద వస్తున్న ఆమె తమ్ముడు పడీపడీ నవ్వాడు. "అక్కా, ముందు బావని దింపెయ్యి. బండి సగం తేలికవుతుంది, నీ తల పూర్తిగా తేలికవుతుంది."

"నోర్ముయ్యరా" అన్నాడు డ్రైవరు. కానీ ఆయన మొహంలో నవ్వుంది. ఆ నవ్వు చూడ్డానికి ఆయమ్మకు వీల్లేకపోయింది. చూపు రోడ్డు మీంచి తియ్యాలంటే భయం.

మంచాన పడ్డవాళ్ళకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం ఆయమ్మ పని. ఆమె వెళ్ళే ఇళ్ళల్లో అన్నిటికంటే దూరంగా ఉన్నది టీచరమ్మ ఇల్లు. గుట్ట మీద కొత్తగా కట్టిన కాలనీ అది. బస్సు కిందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఎక్కి వెళ్ళేసరికి, పని మొదలుపెట్టకముందే నడుం పట్టేసేది. అందుకని షోరూములో ఉన్నవాటిల్లో అన్నిటికంటే చవకైన బండి కొన్నారు. బటన్ నొక్కితే స్టార్టయ్యేది కాదు, కిక్కు కొట్టాలి. మడ్‌గార్డులు ప్లాస్టిక్‌వి. అయినా కొత్తది.

ఇంటికి తెచ్చాక డ్రైవరు దాన్ని ముందు చక్రం నుంచి వెనక లైటు దాకా చేతులతో తడిమాడు. ఎక్కడ ఏ బోల్టుందో, ఏ తీగ ఎటు పోతోందో వేళ్ళకు నేర్పించుకున్నాడు. తర్వాత భార్యకు పాఠం చెప్పాడు.

"కొత్త ఇంజను పసిపిల్లతో సమానం. నలభై దాటించకు. అలాగని ఒకే స్పీడులో గంటలకొద్దీ పోకు. పెద్ద గేరులో ఎత్తెక్కించి దాని ఉసురు పోసుకోకు. మొదటి ఆయిలు తొందరగా మార్చెయ్యాలి, కొత్తలో ఇనుప రజనంతా అందులోకే దిగుతుంది."

మర్నాటి నుంచి ఆమెకంటే ముందే లేవడం మొదలుపెట్టాడు. గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని రోజంతా రేడియో వినే మనిషి, గుడ్డముక్క పట్టుకుని బండి పక్కన గొంతుకూర్చునేవాడు. చెయిను కింద వేలు పెట్టి ఎంత వదులుందో చూసేవాడు, ఆయిలు పూసేవాడు, టైర్లు నొక్కేవాడు, అద్దాల నట్లు బిగించేవాడు. ఆమె బయల్దేరేముందు ఇంజను నడిపించి, తల పక్కకు వంచి, చెవి దానికేసి పెట్టి వినేవాడు. "ఊఁ, వెళ్ళిరా" అన్నాకే ఆమె గేరు వెయ్యాలి. సాయంత్రం రాగానే మంచినీళ్ళకంటే ముందు ప్రశ్నలు. ఎత్తు మీద ఎలా లాగింది? బ్రేకు వేస్తే ఎటైనా గుంజిందా? అన్నం కూడా ఇదివరకటి కంటే ఎక్కువ తింటున్నాడు. అది చూసి ఆయమ్మకు కడుపు నిండిపోయేది.

బండి మొదటిసారి ఆగిపోయింది గుట్ట మలుపు దగ్గర. రెండు మూడుసార్లు దగ్గి, ఊపిరి అందనట్టు గింజుకుని ఆగింది. ఎన్ని కిక్కులు కొట్టినా పలకలేదు. పెట్రోలు అయిపోయిందేమోనని ఆమె ట్యాంకు మూత తీసి చూసింది. నిండుగా ఉంది. మూత పెట్టి మళ్ళీ కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

టీచరమ్మ ఒకప్పుడు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. కూతురు ఉదయాన్నే బ్యాంకుకు వెళ్ళిపోతుంది. కూతురు వెళ్ళడానికీ ఆయమ్మ రావడానికీ మధ్య కాసేపు ఆవిడ ఒంటరిగా ఉండాలి. ఆ కాసేపూ కిటికీ బయటి చప్పుళ్ళు వింటూ పడుకునేది.

"ఏమ్మాయ్, నీ గుర్రం ఇవాళ మొరాయించిందా?"

"మలుపులో ఆగిపోయింది టీచరమ్మా. పాపం, చాలాసేపు ఆగారా?"

"ఆగకేం చేస్తాను? ముందు నన్ను బాత్రూముకు తీసుకెళ్ళు తల్లీ, కబుర్లు తర్వాత."

పక్క తడపడమంటే టీచరమ్మకు ప్రాణం పోయినట్టుండేది. డయపరు వెయ్యనిచ్చేది కాదు. ఎంత ఇబ్బందైనా ఆయమ్మ భుజం పట్టుకుని లేచి వెళ్ళాల్సిందే.

సాయంత్రం సంగతంతా విని డ్రైవరు ఉత్సాహంగా లేచాడు. "కార్బొరేటరు. జెట్టులో నలుసు పడుంటుంది. కొత్త ట్యాంకులో చెత్త ఉంటుంది, నాకు తెలీదా?" కార్బొరేటరు విప్పి, పెట్రోలుతో కడిగి, నోటితో ఊది, మళ్ళీ బిగించాడు. ఒక్క స్క్రూ కింద పడలేదు. మర్నాడు బండి బాగానే నడిచింది. ఆ మర్నాడు మళ్ళీ మలుపులోనే ఆగింది.

"అయితే ప్లగ్గు" అన్నాడు. ప్లగ్గు మార్చారు. రెండు రోజులు బాగుంది, మళ్ళీ ఆగింది. తర్వాత ప్లగ్గు తీగ. తర్వాత గాలి ఫిల్టరు. ట్యాంకు మూత తీసి పెట్రోలు చూసుకుని ఆయన ఏది బాగుచేసినా ఒకటి రెండు రోజులు బండి బుద్ధిగా ఉండేది, తర్వాత మామూలే.

తమ్ముడు ఒక ఆదివారం వచ్చి ఈ గొడవంతా విన్నాడు. "బావా, ఫ్రీ సర్వీసు ఉందిగా? షోరూముకి తోలెయ్యక ఈ తంటాలెందుకు?"

డ్రైవరు ఒంటికాలి మీద లేచాడు. "షోరూములో ఎవడున్నాడ్రా? నిన్నగాక మొన్న పానా పట్టుకున్నవాళ్ళు. ఘాట్ రోడ్డులో బస్సు ఆగిపోతే, ప్రయాణికుల్ని కూర్చోబెట్టి నేనొక్కణ్ణే బాగుచేసుకుని దించుకొచ్చినవాణ్ణి. ఈ పిట్టంత ఇంజను నాకొక లెక్కా?"

"పిట్టైనా ఏనుగైనా అక్క రోడ్డు మీద నిలబడుతోంది కదా."

డ్రైవరు భార్యవైపు తిరిగాడు. ఆమె ఎక్కడుందో సరిగ్గా అంచనా వేయలేక, ఆమె పక్కనున్న బీరువాను చూస్తూ అడిగాడు. "నువ్వు చెప్పు. షోరూముకు తీసుకెళ్దామంటావా?"

ఆయమ్మకు రోడ్డు పక్క నిలబడిన ఉదయాలన్నీ గుర్తొచ్చాయి. ఆయన్ని చూసింది. గోళ్ళలో నల్లటి గ్రీజు, మొహంలో భయం.

"ఎందుకులెండి, మీరే చూడండి" అంది.

తమ్ముడు అక్కవైపు గుర్రుగా చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమే డ్రైవరు ఇంజనులో ఒక చప్పుడు పట్టాడు. టిక్ టిక్ మని సన్నగా. "దొరికింది దొంగ! వాల్వులు వదులుగా ఉన్నాయి. అందుకే వేడెక్కగానే చచ్చిపోతోంది." ఇంజను తలకాయ మీది మూత విప్పడానికి కూర్చున్నాడు. ఆయమ్మ టార్చి పట్టుకుంది. టార్చి ఆయనకు అక్కర్లేదు, ఆమెకు ఊరికే నిలబడటం చేతకాలేదు.

"ఈ బోల్టు మీద పసుపు రంగు చుక్క పెట్టారండీ."

"పెట్టనీ. దిష్టి తగలకుండా పెట్టారేమో" అని నవ్వాడు.

సందు కొలిచే పల్చటి ఇనుప రేకుల గుత్తి ఆయన దగ్గరుంది. వాటిల్లో ఒకదాన్ని వేళ్ళతో తడిమి ఎంచుకున్నాడు. రేకు మీద అంకె ఉంటుంది. చదవమని ఆయన అడగలేదు. చదువుతానని ఆమె అనలేదు. కాసేపట్లో మూత బిగించి, కిక్కు కొట్టించాడు. టిక్ టిక్ పోయింది. చెవి దగ్గర గుసగుసలాడినంత మెత్తగా తిరుగుతోంది ఇంజను. డ్రైవరు రెండు చేతులూ దాని మీద ఆనించి, ఆ వణుకు అరచేతుల్లోకి ఎక్కేదాకా అలాగే ఉండిపోయాడు. "విను" అన్నాడు. "విను, ఎంత బాగుందో."

నిజంగానే బాగుంది. ఆమె విని, "అవునండీ" అంది.

తర్వాతి రోజుల్లో ఉదయాన్నే స్టార్టవడం కష్టమైంది. కిక్కు కొడితే ఇదివరకు కాలికి ఎదురుతన్నేది, ఇప్పుడు మెత్తగా దిగిపోతోంది. ఎత్తు మీద బొత్తిగా లాగడం లేదు. సాయంత్రం ఆయన ఆత్రంగా అడిగేవాడు, "ఎలా ఉంది?" అని. "బాగానే ఉందండీ" అనేది. ఆ మాట విన్నప్పుడు ఆయన భుజాలు కాస్త పైకి లేచేవి.

ఒక ఉదయం బండి గుట్ట మొదట్లోనే ఆగిపోయింది. ఈసారి దగ్గలేదు, గింజుకోలేదు. చప్పుడు సన్నబడి, సన్నబడి, లేకుండా పోయింది. మూత తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. కిక్కు కొడితే కాలి కింద బరువే లేదు, గాల్లో తన్నినట్టుంది. కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ కొట్టింది. స్టార్టవుతుందన్న ఆశతో అక్కడే చాలాసేపు గడిపేసింది. ఆ తర్వాత బండిని అక్కడే వదిలేసి, ఎత్తు మీదికి పరుగులాంటి నడక నడిచింది.

టీచరమ్మ మంచానికీ బాత్రూము తలుపుకూ మధ్య నేల మీద పడి ఉంది. కుర్చీ పక్కకు ఒరిగి ఉంది. దాన్ని తోసుకుంటూ వెళ్దామనుకున్నట్టుంది. బట్టలు తడిసిపోయాయి. కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది.

"టీచరమ్మా!"

"అరవకు" అంది ఆవిడ. పెదవులు తెల్లబడ్డాయి. "నేనే వెళ్ళొద్దామనుకున్నాను. ఆపుకోలేకపోయాను, అమ్మాయ్. ముందు నా బట్టలు మార్చు. ఎవరైనా వచ్చేలోగా మార్చేసెయ్యి."

మార్చాలంటే కదిలించాలి. విరిగిన మనిషిని కదిలించకూడదని ఆయమ్మకు తెలుసు. "వద్దు టీచరమ్మా, అంబులెన్సు రానీండి" అంటూ ఫోన్ చేసి, బీరువాలోంచి ఉతికిన దుప్పటి తెచ్చి మెడ దాకా కప్పింది. టీచరమ్మ ఇంకోసారి అడగలేదు. కళ్ళు మూసుకుని మొహం గోడవైపు తిప్పుకుంది. అంబులెన్సువాళ్ళు వచ్చి దుప్పటి తీసినప్పుడు కూడా ఆ కళ్ళు తెరవలేదు.

ఆస్పత్రి వరండాలో కూతురు అడిగింది. "ఇలా ఎన్నిసార్లు లేటయింది?"

"చాలాసార్లమ్మా."

"మా అమ్మ నాకొక్కసారి కూడా చెప్పలేదు."

"చెప్పొద్దని నేను అడగలేదమ్మా. ఒట్టు."

"తెలుసు. మీకు మాట వస్తుందని చెప్పి ఉండదు. అమ్మ అంతే." కూతురు ఏడవలేదు, కోప్పడలేదు. చేతిలోని బ్యాగు తెరిచి, ఏదో వెతికి, ఏమీ తియ్యకుండా మూసింది. "ఇక మీరు రావద్దండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని షోరూముకు తీసుకెళ్ళింది ఆయమ్మా, తమ్ముడూ. డ్రైవరును రమ్మనలేదు. వస్తానని ఆయనా అనలేదు.

అక్కడి మెకానిక్కు ఇంజను మూత దగ్గర వంగి, "ఇది ఎవరు విప్పారండీ?" అని అడిగాడు. "ఈ రంగు చుక్క పగిలిందంటే గ్యారంటీ పోయినట్టే." మూత తీసి లోపల చూశాడు. "వాల్వులు బాగా బిగించేశారు. ఈ ఇంజను కొంచెం టిక్ టిక్ మంటూనే ఉండాలండీ, అది దాని తత్వం. సందు లేకపోతే వేడికి వాల్వు సరిగ్గా మూసుకోదు. ఇదిగో, కాలిపోయింది."

"అంతకుముందు నుంచే ఆగిపోయేది బాబూ" అంది ఆయమ్మ. "కాసేపు పోయాక ఆగేది. మళ్ళీ స్టార్టయ్యేది."

మెకానిక్కు ట్యాంకు మూత తీసి నోటికి ఆనించుకుని ఊదాడు. గాలి పోలేదు. మూత తిప్పి చూపించాడు. అడుగున చిన్న రంధ్రం. ఫ్యాక్టరీలో పెయింటు చుక్క పడి పూడిపోయింది. "ట్యాంకులోకి గాలి వెళ్తేనే పెట్రోలు కిందికి దిగుతుంది. ఇది మూసుకుపోతే కాసేపటికి దిగడం ఆగిపోతుంది. మీరు మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పోయి మళ్ళీ నడిచుంటుంది." సన్నటి తీగతో ఒక్క పోటు పొడిచాడు. మళ్ళీ ఊదితే గాలి సుయ్యిమంది. "ఇది మా కంపెనీ తప్పేనండీ. మొదట్లోనే తెచ్చుంటే మూత మార్చి ఇచ్చేవాళ్ళం."



తిరిగొస్తూ తమ్ముడు అన్నాడు. "అక్కా, బావకు ఇవన్నీ చెప్పకు. కంపెనీ వాల్వులే మంచివి కావట, వాళ్ళే మారుస్తారట అని చెప్పు. రిపేరు సంగతి నేను చూసుకుంటాను. ఇది తెలిస్తే ఆ మనిషి బతకడు."

ఇంటికొచ్చి ఆమె అలాగే చెప్పింది. డ్రైవరు కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు.

"ఆ మూత ఎవరు విప్పారని వాళ్ళు అడగలేదా?"

"లేదండీ."

"అడక్కుండా ఉండరు."

ఆమె మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"మరి మొదట్నుంచీ ఎందుకు ఆగేదట?"

"అది కూడా... వాల్వులేనట."

"చెప్పు" అన్నాడు. గొంతు పెంచలేదు. "టీచరమ్మ కాలు విరిగి మంచంలో ఉంది. నాకేమవుతుందని దాస్తున్నావు? చెప్పు."

ఇక ఆయమ్మ ఆగలేకపోయింది. ట్యాంకు మూత, రంధ్రం, తీగతో పొడవడం, కాలిపోయిన వాల్వు, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ, ఎన్నాళ్ళనుంచో దాచుకున్నది కూడా బయటపడింది. "ఆ మొదటి వారమే తీసుకెళ్ళి ఉంటే ఇంత జరిగేది కాదు. తీసుకెళ్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో మీకు తెలీదు. కిక్కులో బరువు లేదని నాకు తెలుస్తూనే ఉంది. మీరు బాధపడతారని నోరు మెదపలేదు."

డ్రైవరు చేత్తో నేల తడిమి, గ్లాసు కింద పెట్టాడు.

"నేను తప్పు చేశాను" అన్నాడు చివరికి. "అది నాది, ఎవరి మీదికీ నెట్టను. కానీ నువ్వు... కిక్కులో బరువు లేదని ఒక్క ముక్క చెప్పుంటే, నేనే ఆ మూత మళ్ళీ విప్పేవాణ్ణి. నా చెవులకు నువ్వు చెప్పేదే కదా ఆధారం? రోజూ అడిగాను. రోజూ బాగుందన్నావు."

"మీ మొహం చూసి అన్నాను."

"అదే. కళ్ళు పోయిన రోజు నుంచి అందరూ నాతో చిన్నపిల్లాడితో మాట్లాడినట్టే మాట్లాడతారు. నువ్వొక్కదానివే నన్ను మనిషిలా చూస్తున్నావనుకున్నాను. గేరు మార్చడం రాక నామీద విసుక్కునేదానివి చూడు, అప్పుడు ఎంత హాయిగా ఉండేదో." వెలుతురు వస్తున్న వైపు తిరిగాడు. "నాకు ఆడుకోవడానికి బండిచ్చావన్నమాట. ఆ పెద్దావిడ దానికి బలైంది."

"అలా అనకండి."

"మరెలా అనాలో నువ్వే చెప్పు."



టీచరమ్మ మళ్ళీ ఇంటికి రాలేదు. ఆపరేషను అయ్యాక ఊపిరితిత్తుల్లోకి నెమ్ము చేరిందట. ఆస్పత్రిలో పనిచేసే ఇంకో ఆయా వచ్చి చెప్పింది. ఆయమ్మ గుట్ట కాలనీకి నడిచివెళ్ళింది. గేటు బయట చెప్పులు వరసగా ఉన్నాయి. కూతురు కిటికీలోంచి ఆమెను చూసింది, చూసి తెర దించలేదు, బయటికీ రాలేదు. ఆయమ్మ ఎండలో కాసేపు నిలబడి వెనక్కి తిరిగింది.

బండి బాగై వచ్చింది. ఇప్పుడెక్కడా ఆగదు. ఆయమ్మ దాన్ని ముట్టుకోనంటే తమ్ముడు తీసుకెళ్ళి వాడుకుంటున్నాడు. ఆమెకు బస్సు వెళ్ళే దారిలోనే ఒక నర్సింగ్ హోములో పని దొరికింది. అక్కడ బట్టలు ఉతికే గదిలో పని, మనుషుల్ని ముట్టుకోనక్కర్లేదు. తనే అడిగి ఆ పని తీసుకుంది.

డ్రైవరు తెల్లవారాక ఎప్పుడో లేస్తాడు. ఒకసారి ఆమె కావాలనే, వంటింటి కుళాయి కారుతోంది, కాస్త చూస్తారా అని అడిగింది. "ప్లంబర్ని పిలువు" అన్నాడు. ఇంకెప్పుడూ ఏమీ అడగలేదు.

వాళ్ళిద్దరూ ఆ తర్వాత ఎన్నడూ గొడవపడలేదు. ఆమె బయల్దేరుతూ వెళ్ళొస్తానండీ అంటుంది, ఆయన జాగ్రత్తగా వెళ్ళిరా అంటాడు. కంచం పెడితే బాగుందంటాడు. నలతగా ఉందా అని ఆమె అడిగితే, లేదు, బాగానే ఉన్నానంటాడు. నువ్వెలా ఉన్నావని ఆయన అడిగితే, తనూ బాగానే ఉన్నానంటుంది. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళ మాట నమ్మరు. అబద్ధమని ఎవరూ అనరు. పక్కింటివాళ్ళు మాత్రం ఈ వయసులో ఎంత మర్యాదగా ఉంటారో చూడమని తమ పిల్లలకు చెబుతుంటారు.